పదికి ఎన్ని

14 సెప్టెంబరు 2025, ఆదివారం

వంటల లెక్కకు వేరే పుస్తకం ఉంది. ఈ పుస్తకం ఈయన కోసం.

ఆగస్టు పదకొండు పొద్దున ఈయన కింద స్కూటర్ తుడుచుకుంటూ ఉండగా రెండో అంతస్తు వాళ్ల కూలర్ పక్కరేకు ఊడి తల మీద పడింది. పందొమ్మిది రోజులు ఆసుపత్రి. ఇంటికి వచ్చి నేటికి పదిహేను రోజులు. ఎడమ చెయ్యి సరిగ్గా లేవదు. నడిస్తే ఒక పక్కకు పోతారు. కూర్చోబెడితే కూర్చునే ఉంటారు.

ఇవాళ వైశాలి వచ్చింది. మా అన్నయ్య కూతురు. బేర్ సరాయ్‌లో గది తీసుకుని పీహెచ్‌డీ చేస్తోంది. ఎలుకల మెదడు మీద పని. మెస్ తిండి సహించక ప్రతి ఆదివారం వచ్చి, వెళ్లేటప్పుడు డబ్బాలోంచి నాలుగు గుప్పెళ్లు కందిపప్పు కట్టుకుపోతుంది.

"ఎంత ఎత్తు నుంచి పడింది అత్తా?"

"రెండో అంతస్తు అన్నానుగా."

"రేకు బరువెంత?"

"నాకేం తెలుసే, తూచానా?"

"మేం తూస్తాం," అంది చారు పోసుకుంటూ.

వాళ్లు ఎలుకకు మత్తిచ్చి, గొట్టంలోంచి తూచిన బరువును కొలిచిన ఎత్తు నుంచి దాని తల మీదకు వదులుతారట. తర్వాత రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి, పది పరీక్షలు పెడతారు. గుండ్రంగా గీత గీసి మధ్యలో కూర్చోబెడితే మూడు నిమిషాల్లో బయటకు వస్తుందా? చప్పట్లు కొడితే ఉలిక్కిపడుతుందా? తిన్నగా నడుస్తుందా? సన్నటి కర్ర మీద నిలబడుతుందా? కొత్త వస్తువు పెడితే వాసన చూస్తుందా? పదికి ఎన్ని అని రాసుకుంటారు.

పదికి మార్కులు నాకు కొత్త కాదు. ఇరవై ఆరేళ్లుగా నా వంటల పుస్తకంలో తేదీ, కూర పేరు నేను రాస్తాను. రాత్రి భోజనం అయ్యాక పక్క గడిలో ఈయన ఎర్ర పెన్నుతో మార్కు వేస్తారు. నాలుగు, అయిదు, ఆరు. ఏడు రెండుసార్లు పడింది, రెండుసార్లూ ఎవరో అతిథి మెచ్చుకున్నాక. ఆగస్టు పదకొండు నుంచి ఆ గడులు ఖాళీ.

ఆసుపత్రిలో మాట వచ్చిన రోజు పప్పుచారన్నం పెట్టాను. తిని "బాగుంది" అన్నారు. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి. నేను వరండాలోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను.

15 సెప్టెంబరు

నిన్న వైశాలి ఇచ్చి వెళ్లిన ఎలుకల పరీక్షల కాగితం చూసి మన ఇంటికి తగ్గట్టు పది తయారు చేశాను. డాక్టరుకు చూపించాలి. వాళ్లు రాసి ఉన్నదాన్ని నమ్ముతారు, నోటితో చెప్పినదాన్ని కాదు. తేదీలకూ అంకెలకూ వేరే పేజీల్లో గళ్లు గీసి, పైన ఆ కాగితంలో ఉన్న పేరే ఇంగ్లీషులో నీటుగా రాశాను: న్యూరలాజికల్ స్కోర్.

వేళ: పగలు పదకొండు. కుర్చీ చుట్టూ సుద్దతో గీత. గచ్చు పలకల మధ్య గీత మీద నడక. వెనక నుంచి స్టీలు పళ్లెం పడెయ్యడం. కళ్లజోడు దాచి వెతికించడం. ఎడమ చేత్తో నిండు గ్లాసు ఎత్తడం. చొక్కా గుండీలు. ఇలా తొమ్మిది. పదోది నా పేరు చెప్పడం. ఎలుకలకు అది లేదు, నేను కలిపాను. దెబ్బకు ముందు కూడా ఈయన నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. "ఏమేవ్" అంతే. అయినా పెట్టాను.

నెగ్గినదానికి ఒకటి. ఇవాళ: రెండు.

16 సెప్టెంబరు

రెండు. తోటకూర పప్పు. బాగుంది అన్నారు.

22 సెప్టెంబరు

మూడు. పళ్లెం చప్పుడుకు భుజం కదిలింది. కాకరకాయ. బాగుంది అన్నారు. కాకరకాయకు నాలుగు దాటి ఎప్పుడూ వెయ్యలేదు.

ఆఫీసు నుంచి పద్మనాభం గారు వచ్చారు. "మా శేషగిరి సింహం అమ్మా, రెండు నెలల్లో సెక్షన్‌లో గర్జిస్తాడు చూడండి," అన్నారు. కాఫీ ఇచ్చాను.

5 అక్టోబరు, ఆదివారం

అయిదు.

వైశాలి పుస్తకం తిరగేసి నవ్వింది.

"అత్తా, నువ్వు తిరగేసి వేస్తున్నావు."

"ఏం తిరగేశాను?"

"మా దగ్గర పరీక్ష తప్పితే ఒకటి. నెగ్గితే సున్నా. సున్నా అంటే ఆరోగ్యం. పది అంటే దాని పని అయిపోయినట్టే."

"మార్కంటే ఎక్కువ వస్తే మంచిది కదే."

"మీ ఇంట్లో అంతే. ఎలుకకి కాదు." మళ్లీ నవ్వింది. "డాక్టర్‌కి చూపించే ముందు మార్చెయ్. పైన మా స్కోర్ పేరు పెట్టావు, ఆయన మా పద్ధతిలోనే చదువుతాడు. మామయ్య రోజురోజుకీ పాడవుతున్నాడనుకుంటాడు."

ఎర్ర పెన్నుతో దిద్దుతానన్నాను.

దెబ్బ వెయ్యని ఎలుకలు కూడా ఉంటాయట. వాటికీ మత్తిస్తారు, తల మీద తోలు కోస్తారు, కుట్టేస్తారు. బరువు మాత్రం వదలరు. మిగతావాటితో అదే బోనులో ఉంచుతారు.

"వాటికీ స్కోరు వేస్తారా?"

"పోల్చుకోడానికే కదా అవి."

"ఎంత వస్తుంది?"

"ఒకటో రెండో తప్పుతాయి. ఉట్టి భయానికి."

"ఆఖరికి?"

"ముప్పయ్యో రోజున అన్నిటినీ తీసేస్తాం. మెదడు పలచగా కోసి చూస్తేనే గదత్తా, మన స్కోరు నిజమో కాదో తేలేది."

ఇంకో రెండు వడలు వేసుకుంది.

20 అక్టోబరు, సోమవారం

దీపావళి. ఇవాళ పళ్లెం పడెయ్యక్కర్లేదు. పొద్దుటి నుంచి టపాకాయలు. ఒక్కోదానికీ ఉలిక్కిపడుతున్నారు. మధ్యాహ్నం నుంచి నా కొంగు పట్టుకుని వదల్లేదు. వంటింట్లోకి వెళ్తే వెనకే వచ్చారు. కిటికీలు మూస్తే చప్పుడు తగ్గేది. మూయలేదు, కసితో కాదు, లోపల ఉక్కగా ఉంది.

ఆరు.

27 అక్టోబరు

కళ్లజోడు బియ్యం డబ్బా వెనక పెట్టాను. వెతకడానికి గంట పట్టింది. గోడ తడుముకుంటూ వెళ్లారు. దొరికింది. మార్కు ఇచ్చాను. నేను చెప్పెయ్యవచ్చు. చెప్తే అది పరీక్ష కాదు.

2 నవంబరు

ఏడు. బయట పొగమంచు, గొంతు మంట. పదకొండింటికి కూడా లైటు వేసుకోవాల్సి వచ్చింది.

అరటికాయ వేపుడు. ఏమీ అనలేదు.

5 నవంబరు

ఏడు. దొండకాయ. ఏమీ అనలేదు. నోట్లో పెట్టుకుని ఆగారు. నా వైపు చూశారు.

9 నవంబరు, ఆదివారం

వైశాలి ఈ వారం రాలేదు, ఎలుకలకు ముప్పయ్యో రోజట.

గుత్తి వంకాయ చేశాను. లక్ష్మీ నగర్ నుంచి తెప్పించిన లేత వంకాయలు. కారం నేనే కొట్టాను. వడ్డించే వేళకు ఈయన కుర్చీలో లేరు. అలమర దగ్గర నిలబడి ఈ పుస్తకం చూస్తున్నారు. కళ్లజోడు తనే పెట్టుకున్నారు.

"ఏంటిది?"

"మీ ఆరోగ్యం లెక్కండీ. డాక్టరు గారికి."

పేజీలు తిప్పారు. మెల్లగా తిప్పారు, కానీ తిప్పారు.

"నాకు మార్కులేస్తున్నావా? నువ్వు? నాకు?"

"వైశాలి చెప్పింది…"

"ఎలకల్ని కోసుకునే పిల్ల చెప్పింది, వంటింట్లో దాక్కునే ఎలక రాసింది. భేష్." నవ్వారు. ఆ నవ్వు ఆగస్టు పది తర్వాత వినలేదు. "చదువు లేకపోయినా దస్తూరి బాగుందే."

భోంచేశారు. ఎడమ చేత్తో గ్లాసెత్తి నీళ్లు తాగారు, చుక్క ఒలకలేదు. తర్వాత నా వంటల పుస్తకం అడిగారు. ఎర్ర పెన్ను ఎక్కడుందో నన్ను అడగలేదు, తనకే గుర్తుంది. సొరుగులోంచి తీసి గడిలో వేశారు. అంకె తెలుస్తోంది.

అయిదు.

"ఉప్పు తక్కువ," అన్నారు.

ఉప్పు తక్కువ కాలేదు. గిన్నెలో మిగిలింది మూడుసార్లు రుచి చూశాను. తక్కువ కాలేదు.

10 నవంబరు

తొమ్మిది. పదోదానికి "ఏమేవ్, ఏంటీ పిచ్చి ప్రశ్న?" అన్నారు. దెబ్బకు ముందు పెట్టినా తొమ్మిదే వచ్చేది.

అంటే పూర్తిగా నయమైపోయారు.

బెండకాయ పులుసు. నాలుగు.

11 నవంబరు

రేపు ఆసుపత్రి. రేపు డాక్టరు ఫిట్ అని రాసిస్తే సోమవారం నుంచి ఆఫీసు. పద్మనాభం గారు ఫోన్ చేసి లడ్డూలు సిద్ధం చెయ్యమన్నారు.

పుస్తకంలో అంకెలు దిద్దాలి. రెండు ఎనిమిది కావాలి, తొమ్మిది ఒకటి కావాలి. ఎర్ర పెన్ను కనబడలేదు. నీలం పెన్నుతో దిద్దితే నీటుగా ఉండదు.

సాయంత్రం ఈయన కూడా పెన్ను అడిగారు. లేదన్నాను. "ఒక్క వస్తువు చోటులో ఉంచడం రాదు," అన్నారు. పెన్సిల్‌తో వేశారు. అయిదు.

12 నవంబరు, బుధవారం

నాలుగు గంటలు క్యూ. లోపల నాలుగు నిమిషాలు.

డాక్టరు కుర్రవాడే, ఇక్కడి హిందీ మనిషి. పుస్తకం చూసి కళ్లు పెద్దవి చేశాడు. "వాహ్ మేడమ్! ఇత్‌నా సాఫ్ చార్ట్!" మా జూనియర్లు కూడా ఇంత నీటుగా రాయరు అన్నాడు. వేలుతో వరస కిందికి గీసుకుంటూ వెళ్లాడు. రెండు, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది. మొహం మారింది.

"నంబర్ తో బఢ్ రహే హై," అన్నాడు.

"జీ," అన్నాను. "బఢ్ రహే హై."

అంకెలు పెరుగుతున్నాయి. ఉన్నమాట.

ఈయనకు ఓపిక పోయింది. బల్ల మీద గట్టిగా చరిచారు. "ఉస్‌సే క్యా పూఛ్‌తే హో? ముఝ్‌సే పూఛో! రసోయీ కీ ఔరత్ హై!" వంటింటి ఆడదాన్ని కాదు, తనని అడగమని. పుస్తకం లాక్కుని గోడకేసి కొట్టారు. వార్డ్‌బాయ్ లోపలికి వచ్చాడు.

డాక్టరు నా వైపు వంగి మెల్లగా అడిగాడు, మునుపు కూడా ఇలాగే ఉండేవారా అని.

"నహీ జీ. బహుత్ శాంత్ థే."

చాలా నెమ్మదిగా ఉండేవారని. అడిగినదానికి జవాబు చెప్పాను.

ఫిట్ రాయలేదు. రాత్రి వేసే చిన్న తెల్ల మాత్ర అరముక్క ఉండేది, ఇప్పుడు రెండు పూటలా రెండేసి. ఇంకో పచ్చది కలిపాడు. కోపం తగ్గుతుంది, నెలకు కనబడండి అన్నాడు. బయటకు వచ్చాక పుస్తకం అట్ట అతికించాను.

13 నవంబరు

మాత్రలు వేళకు వేశాను.

19 నవంబరు

ఏడు. పదకొండింటికి లేపాల్సి వచ్చింది.

పెన్సిల్ అడగలేదు.

23 నవంబరు, ఆదివారం

వైశాలి వచ్చింది. థీసిస్ జనవరిలో ఇవ్వాలట, ప్రతి వారం రావడం కుదరదట, కళ్ల కింద నలుపు. మామయ్య పడుకున్నాడేంటి ఈ వేళకి అంది. మందు మార్చారన్నాను. ఫోన్ చూసుకుంటూ "అచ్ఛా" అంది. ఎలుకల్లో కొన్ని చక్కగా నడిచాయట, కోసి చూస్తే సగం మెదడు లేదట. "మొహం చూసి ఏదీ తెలీదత్తా."

పప్పు నేనే కట్టి ఇచ్చాను, డబ్బా తీయనివ్వలేదు. చేతులు కడుక్కోలేదు తను.

26 నవంబరు

నాలుగు. వంకాయ కూర. "బాగుంది" అన్నారు.

28 నవంబరు

పప్పులో ఉప్పు వెయ్యలేదు. పరీక్షకే. "బాగుంది."

29 నవంబరు

రెండింతలు వేశాను. "బాగుంది." నీళ్లు తాగుతూ తిన్నారు, కళ్లలో నీళ్లు వచ్చాయి, తిన్నారు.

3 డిసెంబరు

ఒకటి. గుండీలు పెట్టుకోలేరు. గీతలో కూర్చోబెడితే గీత దాటడం లేదు. సుద్ద గీత మీద చూపు పెట్టి కూర్చుంటారు. ఇవాళ అలాగే వదిలి మదర్ డెయిరీకి వెళ్లి పాలు, బఠానీలు తెచ్చుకున్నాను. గంట తర్వాత వచ్చినా అక్కడే ఉన్నారు. తాళం కూడా అక్కర్లేదు. తిరిగి వచ్చాక తడిగుడ్డతో గీత తుడిస్తే లేచారు.

5 డిసెంబరు

"బాగుంది" అంటే ఎంత? దానికి లెక్క లేదు. గడిలో ఏమని రాసుకోను?

వైశాలి ఒకసారి చెప్పింది, సరైన కన్నంలో ముక్కు పెట్టిన ఎలుకకు చక్కెర పలుకు పెడతారట. మూడు రోజుల్లో నేర్చుకుంటుందట.

గజక్ కొన్నాను. నువ్వులది. ఈయనకు ఇష్టం. ముక్క చేతిలో పెట్టుకుని, "పది అనండి," అన్నాను. ముక్క వైపు చెయ్యి చాపారు. "పది." చెయ్యి వెనక్కి తీశాను. నలభై ఒక్కసారి చెప్పించాను. పద్నాలుగుసార్లు అన్నారు. పద్నాలుగు ముక్కలు.

7 డిసెంబరు

ముక్క చూపించకుండానే అంటున్నారు.

9 డిసెంబరు

సున్నా.

10 డిసెంబరు, బుధవారం

అదే డాక్టరు. ఈయన వీల్ చెయిర్‌లో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పుస్తకం చూశాడు. తొమ్మిది, ఏడు, నాలుగు, ఒకటి, సున్నా. లేచి నిలబడి నాకు నమస్కారం పెట్టాడు.

"జీరో! మేడమ్, యే తో ఆప్‌కీ మెహ్‌నత్ హై."

ఇదంతా నా కష్టమేనట. వీల్ చెయిర్ ఎందుకని అడిగాడు. క్యూలో నిలబడలేరని చెప్పాను. నిజమే కదా.

మనిషి ఎంత ప్రశాంతంగా ఉన్నాడో అని ఈయన భుజం తట్టాడు. మాత్రలు ఇవే ఆరు నెలలు. చార్ట్ ఫొటో తీసుకున్నాడు, విద్యార్థులకు చూపించడానికి. ఇంట్లో మనిషి ఎలా చూసుకోవాలో నేర్చుకుంటారట.

14 డిసెంబరు, ఆదివారం

వైశాలి మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. నేను మేడ మీద బట్టలు తీస్తున్నాను. దిగి వచ్చేసరికి వంటింట్లో ఉంది. కందిపప్పు డబ్బా మూత తీసి ఉంది. చేతిలో ఎర్ర పెన్ను.

"అత్తా, పప్పులో పెన్నేంటి?"

"అక్కడుందా? నెల నుంచి వెతుకుతున్నాను."

తను నవ్వలేదు. గదిలోకి వెళ్లి పుస్తకం తీసింది. మొదటి పేజీ నుంచి చూసింది. తను ఎలుకల అంకెలు రోజూ చూసే పిల్ల, ఎంతోసేపు పట్టలేదు.

"దిద్దలేదు నువ్వు."

"పెన్ను లేదుగా."

"ఇది డాక్టర్ చూశాడా?"

"రెండుసార్లు. చాలా నీటుగా ఉందన్నారు."

"అత్తా, తొమ్మిది వచ్చింది మామయ్యకి. నవంబర్లో తొమ్మిది! బాగైపోయాడు. దాన్ని చూసి డోసు పెంచారా?" పుస్తకం నా వైపు తిప్పింది. "నీకు తెలుసు. నేను చెప్పాను నీకు."

ఈయన దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. గీత తొక్కింది, చూసుకోలేదు.

"మామయ్యా, నేనెవర్ని? మామయ్యా."

ఈయన నా చేతి వైపు చూశారు.

"పది," అన్నారు.

గజక్ ముక్క ఇచ్చాను. అలవాటు తప్పకూడదు.

వైశాలి లేచి గోడకు ఆనుకుంది. "రేపు పొద్దున్నే నేను వెళ్లి ఆ డాక్టర్‌తో చెప్తాను."

"చెప్పు. పైన పేరు మీ ల్యాబ్‌దే అని చెప్పు. కాగితం నువ్వే ఇచ్చావని చెప్పు. మనిషి మీద ఎలుకల పరీక్ష పెడితే వడలు తింటూ చూశావని కూడా చెప్పు. జనవరిలో థీసిస్ కదా, వాళ్లూ అడుగుతారు."

నా మొహం చూసింది. మొహం చూసి ఏదీ తెలీదని తనే అంది.

"నిన్ను ఏనాడైనా కొట్టాడా అత్తా?" అని అడిగింది.

"లేదు. ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. ఉట్టినే అదే ఇంట్లో ఉన్నాను."

తనకు అర్థమైంది. టీ తాగకుండా వెళ్లిపోయింది. చెప్తుందో లేదో తెలియదు. పప్పు మూట బల్ల మీదే ఉంది. పెన్ను కూడా.

తలుపు వేసుకుని వంటల పుస్తకం తెచ్చాను. ఆగస్టు పదకొండు దగ్గర తెరిచాను. ఈయన చేతిలో ఎర్ర పెన్ను పెట్టాను. మొదటి పేజీ చెయ్యి పట్టుకుని వేయించాను. టమాటా పప్పు, పది. తోటకూర, పది. కాకరకాయ, పది. రెండో పేజీకి తనే వేస్తున్నారు. ఒకటి వంకర, సున్నా పెద్దది. అయినా పదే.

నవంబరు తొమ్మిది దగ్గర చెయ్యి ఆగింది. గుత్తి వంకాయ గడిలో అయిదు ఉంది, తన దస్తూరి. ఆ అయిదు మీద వేలు పెట్టారు. తర్వాత తలెత్తి నన్ను చూశారు.

"హైమవతి," అన్నారు.

గోడ గడియారం చూశాను. సాయంత్రం అయిదూ పది.

పరీక్ష వేళ పగలు పదకొండు. ఒకే వేళ, ఒకే మనిషి. వేళ కాని వేళ నా పేరు చెప్పినా లెక్కలోకి రాదు.

"ఊఁ, దాని మీద దిద్దండి," అన్నాను.

దిద్దారు.

ఇవాళ: సున్నా.